క్లాసులో అర్థమైంది, పరీక్షలో రాలేదు

ప్రశ్న: అక్కా, నేను ఇంజినీరింగ్‌లో చేరి ఏడాది అయింది. స్కూల్లో ఎప్పుడూ ఫస్ట్ వచ్చేదాన్ని. ఇప్పుడు రోజుకు ఆరేడు గంటలు చదువుతున్నాను. క్లాసులో చెప్పేది అర్థమవుతుంది. తర్వాత నోట్సు రెండు మూడుసార్లు చదువుతాను. సాల్వ్ చేసిన ప్రాబ్లమ్స్ చూస్తే అన్నీ తెలిసినట్టే ఉంటాయి. పరీక్ష హాల్లో మాత్రం మొదటి స్టెప్ దగ్గరే ఆగిపోతున్నాను. ఈసారి రెండు సబ్జెక్టుల్లో అత్తెసరు మార్కులతో గట్టెక్కాను. ఫిజిక్స్ ల్యాబ్‌లో మీటరు దారంతో పెండ్యులం ప్రయోగం చేశాం. 20 డోలనాలకు స్టాప్‌వాచ్‌తో టైం తీసి, గురుత్వ త్వరణం 9.7843 అని రిపోర్టులో రాశాను. సార్ ఆ అంకె చుట్టూ ఎర్ర పెన్నుతో గీసి, 'ఇది ప్రొఫెషనల్‌గా చేసిన పని కాదు' అని వెనక్కి ఇచ్చారు. విలువ సరిగ్గానే వచ్చింది కదా, తప్పేమిటని అడగడానికి ధైర్యం చాలలేదు. నలుగురం కలిసి చేస్తున్న ప్రాజెక్టులో నా వంతు కోడ్ రెండు వారాలు ఆలస్యమైంది. అడిగినప్పుడల్లా 'అయిపోవచ్చింది' అంటూ వచ్చాను. నిజానికి సగం కూడా కాలేదు. ఇప్పుడు వాళ్లు నాతో సరిగ్గా మాట్లాడటం లేదు. ప్రొఫెషనల్‌గా ఉండు అని అందరూ అంటారు కానీ అదెలాగో ఎవరూ చెప్పరు. టెన్షన్‌తో రాత్రిళ్లు నిద్ర పట్టడం లేదు. నాకసలు ఈ చదువు సరిపడదేమో?

సమాధానం: చెల్లీ, నీ ఉత్తరం మొదటిసారి చదివినప్పుడు మూడు వేరువేరు కష్టాలు కనిపించాయి. ఒకటి పరీక్ష, ఒకటి రిపోర్టు, ఒకటి ప్రాజెక్టు. రెండోసారి చదువుతుంటే నువ్వు వాడిన మూడు మాటల దగ్గర ఆగాను. 'తెలిసినట్టే ఉంటాయి.' 'సరిగ్గానే వచ్చింది కదా.' 'అయిపోవచ్చింది.' మూడూ ఒకే కష్టం అనిపించింది. మూడు చోట్లా నీకు అనిపించినదాన్నే నిజమని తీసుకుని ముందుకెళ్లావు. నిజంగా వచ్చిందా, నిజంగా అంత కచ్చితంగా కొలిచానా, నిజంగా ఎంత అయింది అని ఆగి చూసుకోలేదు.

ప్రొఫెషనల్‌గా పనిచేయడం గురించి నన్నడిగితే నేను ముందు చెప్పేది దీన్నే. ఆ మాట వినగానే చాలామందికి బట్టలు, ఇంగ్లిష్, మీటింగులో కూర్చునే తీరు గుర్తొస్తాయి. అవి నాలుగు నెలల్లో ఎవరికైనా వస్తాయి. తనకు అనిపించినదాన్ని తానే పరీక్షకు పెట్టుకోవడం, ఆ పరీక్షను ఇంకొకరు కూడా చూసి నమ్మగలిగేలా రాసి పెట్టడం అంత త్వరగా రావు. అవి చదువుకునే రోజుల్లోనే అలవాటు కావాలి.

ముందు చదువు సంగతి చూద్దాం, మిగతా రెండూ దీని మీదే ఆధారపడ్డాయి.

సాల్వ్ చేసిన ప్రాబ్లం చదువుతున్నప్పుడు ప్రతి స్టెప్పూ 'అవును కదా' అనిపిస్తుంది. అది అబద్ధం కాదు, నీకు నిజంగానే అర్థమవుతోంది. అయితే అక్కడ నీకు అర్థమవుతున్నది ఒక స్టెప్ నుంచి తర్వాతి స్టెప్ ఎలా వచ్చిందన్నది మాత్రమే. ఆ స్టెప్ ఎందుకు ఎంచుకోవాలో, ఎక్కడ మొదలుపెట్టాలో పుస్తకం రాసినాయన నీ బదులు తేల్చేశాడు. పరీక్షలో అడిగేది సరిగ్గా ఆ భాగమే. ఇంకొకరు బండి నడుపుతుంటే పక్క సీట్లో కూర్చుని దారి చూసినట్టు ఉంటుంది ఆ చదువు. మలుపులన్నీ చూసినవే, కానీ స్టీరింగ్ చేతికిస్తే ఎటు తిప్పాలో తెలియదు.

దీన్ని కొలిచి చూపించినవాళ్లున్నారు. 2006లో రోడిగర్, కార్పికీ అనే ఇద్దరు మనస్తత్వ శాస్త్రవేత్తలు కాలేజీ విద్యార్థులకు ఒక పాఠం ఇచ్చారు. ఒక గుంపు దాన్ని నాలుగు విడతలు చదివింది. ఇంకో గుంపు ఒక్క విడతే చదివి, మిగతా మూడు విడతలూ పాఠం చూడకుండా గుర్తున్నదంతా రాసింది. ఐదు నిమిషాల తర్వాత పరీక్ష పెడితే నాలుగుసార్లు చదివినవాళ్లే ముందున్నారు, 83 శాతానికి 71. వారం తర్వాత పరీక్ష పెట్టినప్పుడు లెక్క తిరగబడింది. నాలుగుసార్లు చదివినవాళ్లకు 40 శాతం గుర్తుంటే, చూడకుండా రాసి చూసుకున్నవాళ్లకు 61 శాతం గుర్తుంది. నన్ను బాగా ఆలోచింపజేసింది ఇంకో విషయం. వారం తర్వాత ఎంత గుర్తుంటుందని ముందే అడిగితే, మళ్లీ మళ్లీ చదివినవాళ్లే ఎక్కువ ధీమాగా చెప్పారు. అంటే ఆ పద్ధతి మనకు చదువు కన్నా ధీమా ఎక్కువ ఇస్తుంది. నువ్వు రోజుకు ఆరేడు గంటలు కష్టపడి సంపాదించుకుంటున్నది చాలావరకు అదే. అందుకే హాల్లో అంత దెబ్బ తగులుతోంది.

కాబట్టి పుస్తకం మూసే పని ఇవాళే మొదలుపెట్టు. క్లాసు అయిన రోజు సాయంత్రం నోట్సు తెరవకముందే ఒక తెల్ల కాగితం తీసుకుని, ఇవాళ ఏం చెప్పారో గుర్తున్నంత రాయి. డెరివేషన్ అయితే మొదటి లైన్ నుంచి మొదలుపెట్టు. ఎక్కడో ఆగిపోతావు. ఆగిన చోట ఒక గీత గీసి, అప్పుడు నోట్సు తెరిచి ఆ ఒక్క చోటు చూడు. మొదటి వారం ఇది చాలా బాధగా ఉంటుంది. అర్ధగంట కూర్చుంటే కాగితం మీద నాలుగు లైన్లే కనిపిస్తాయి, ఏమీ చదవనట్టు ఉంటుంది. అక్కడే చాలామంది వదిలేసి మళ్లీ నోట్సు చదవడానికి వెళ్లిపోతారు. నువ్వు వెళ్లకు. ఆ గీత గీసిన చోటే నీ నిజమైన సిలబస్. హాల్లో తెలియాల్సిన సంగతి నీ టేబుల్ దగ్గరే తెలిసిపోయింది, సరిచేసుకోవడానికి ఇంకా టైం ఉంది.

ప్రాబ్లమ్స్‌కూ ఇదే పద్ధతి. సాల్యూషన్ మీద కాగితం కప్పు. పది పదిహేను నిమిషాలు నీ అంతట నువ్వు ప్రయత్నించు. ఏమీ తోచకపోతే, ఏం ఇచ్చారు, ఏం అడిగారు, ఈ రెండింటినీ కలిపే సూత్రాలు ఏవేవి అని రాయి, బొమ్మ గీయి. అప్పటికీ కదలకపోతే కాగితం ఒక్క లైన్ కిందికి జరిపి, ఆ లైన్ చూసి మళ్లీ కప్పేసెయ్. పూర్తయ్యాక అదే ప్రాబ్లం ఏమీ చూడకుండా మొదటి నుంచి చెయ్యి. మూడు రోజుల తర్వాత మళ్లీ ఒకసారి చెయ్యి. ఈ రోజుల్లో ఫోన్‌ను అడిగితే ఏ ప్రాబ్లంకైనా నిమిషంలో పూర్తి సాల్యూషన్ వచ్చేస్తుంది. వాడొద్దని చెప్పను, నేనూ వాడతాను. అయితే నీ ప్రయత్నం కాగితం మీద పడ్డాకే అడుగు. 'పూర్తిగా చేసి చూపించు' అనకుండా 'నేను ఇక్కడిదాకా వచ్చాను, ఇందులో తప్పెక్కడ?' అని అడుగు. అది చెప్పిన జవాబును కూడా నువ్వే సరిచూసుకోవాలి. ఎంతో ధీమాగా తప్పు చెప్పడం దానికీ అలవాటే.

ఒకే చాప్టర్ ప్రాబ్లమ్స్ వరసగా ఇరవై చేయడం కూడా మనకు తెలియకుండా మోసం చేస్తుంది. చాప్టర్ పేరే ఏ ఫార్ములా వాడాలో చెప్పేస్తుంది కదా. 2007లో రోరర్, టేలర్ అనే పరిశోధకులు ఘనాకారాల ఘనపరిమాణం లెక్కలతో దీన్ని చూశారు. ఒక రకం లెక్కలన్నీ ఒకేచోట చేసినవాళ్లకు అభ్యాసంలో 89 శాతం సరిగ్గా వచ్చాయి. రకాలన్నీ కలగలిపి చేసినవాళ్లకు 60 శాతమే వచ్చాయి. వారం తర్వాత పరీక్షలో మొదటివాళ్లకు 20 శాతం, కలగలిపి చేసినవాళ్లకు 63 శాతం. నువ్వు వారానికి ఒకరోజు పాత చాప్టర్ల నుంచి పది ప్రాబ్లమ్స్ చీటీల మీద రాసుకుని, కలిపి, వచ్చింది వచ్చినట్టు చెయ్యి. పరీక్ష పేపర్ కూడా అలాగే ఉంటుంది, దాని మీద చాప్టర్ పేరు రాసి ఉండదు.

జవాబు వచ్చాక వెంటనే వెనక పేజీ తిప్పి ఆన్సర్ చూసే అలవాటు కూడా మానుకో. ఉద్యోగంలో వెనక పేజీ ఉండదు. నీ జవాబు తప్పో ఒప్పో నువ్వే పసిగట్టాలి, దానికి దారులున్నాయి. వాలుతలం మీద జారే వస్తువు త్వరణానికి ఒక ఫార్ములా రాబట్టావనుకో. ఘర్షణ లేదనుకుని వాలు కోణం సున్నా చెయ్యి, త్వరణం సున్నా రావాలి. 90 డిగ్రీలు చెయ్యి, గురుత్వ త్వరణం రావాలి. రాలేదంటే సైన్ బదులు కొసైన్ పడిందేమో చూడు. 10 కిలో ఓమ్‌ల రెసిస్టర్, 100 మైక్రోఫారడ్‌ల కెపాసిటర్ ఉన్న సర్క్యూట్‌కు టైం కాన్‌స్టెంట్, అంటే చార్జి దాదాపు మూడో వంతుకు తగ్గడానికి పట్టే సమయం, ఒక సెకండు. నీకు వెయ్యి సెకండ్లు వచ్చిందంటే మైక్రో ఉన్నచోట మిల్లీ వేసుకున్నావు. పావుగంట దాటినా చార్జి పూర్తిగా పోని అలాంటి చిన్న సర్క్యూట్ ల్యాబ్‌లో ఎప్పుడైనా చూశావా అని నిన్ను నువ్వు అడిగితే చాలు, తప్పు బయటపడుతుంది. ఒక్కో ప్రాబ్లంకు ఇలాంటి ఒక్క నిమిషం చాలు. నేను మనుషుల్ని పనిలోకి తీసుకునేటప్పుడు, వచ్చిన జవాబు కన్నా ఈ ఒక్క నిమిషం కోసమే ఎక్కువ చూస్తాను.

చేసిన తప్పులకు ఒక చిన్న నోటుబుక్ పెట్టుకో. 'అజాగ్రత్త' అని మాత్రం రాయకు, ఆ మాట వల్ల ఏమీ తెలియదు. యూనిట్ మార్చలేదు, ప్రశ్న సగమే చదివాను, ఈ సూత్రం ఎప్పుడు వర్తించదో నాకు తెలియదు, ఇలా అసలు కారణం రాయి. రెండు నెలలకు ఆ పుస్తకం తిప్పి చూస్తే నీ తప్పులు నాలుగైదు రకాలకు మించి లేవని తెలుస్తుంది.

ఇక ఎర్ర పెన్ను గీత.

సార్ ఆ మాట కటువుగా అన్నారేమో కానీ, గీత సరైన చోటే గీశారు. 9.7843 అని రాయడమంటే నాలుగో దశాంశం దాకా నాకు తెలుసు అని సంతకం పెట్టడం. నీకు అంత తెలుసా? లెక్క వేసి చూద్దాం. మీటరు పెండ్యులం ఒక డోలనానికి సుమారు రెండు సెకండ్లు తీసుకుంటుంది, ఇరవైకి నలభై. చేత్తో స్టాప్‌వాచ్ నొక్కడంలో సెకండులో అయిదో వంతు అటూ ఇటూ అవుతుంది. నలభైలో 0.2 అంటే అర శాతం. ఫార్ములాలో టైం వర్గం ఉంది కాబట్టి ఆ అర శాతం ఒక శాతం అవుతుంది. 9.78లో ఒక శాతం అంటే దాదాపు 0.1. అంటే నీ ప్రయోగం చెప్పగలిగింది '9.8, అటూ ఇటూ 0.1' అన్నంతవరకే. మిగతా అంకెలు నీ కాలిక్యులేటర్ ఇచ్చినవి. పెండ్యులానికి వాటితో సంబంధం లేదు.

ఈ లెక్క వేశాక దారి కూడా కనిపిస్తుంది చూడు. దారం పొడవును మిల్లీమీటర్ స్కేలుతో కొలిస్తే తప్పు 0.1 శాతం దగ్గర ఉంటుంది. అంటే ఇంకా మంచి స్కేలు తెచ్చినా పెద్దగా లాభం లేదు, టైం సంగతే చూడాలి. 20 బదులు 50 డోలనాలు లెక్కపెడితే వంద సెకండ్లు అవుతాయి, టైంలో తప్పు 0.2 శాతానికి, జవాబులో 0.4 శాతానికి దిగుతుంది. అదే స్టాప్‌వాచ్, అదే దారం, ఇంకో నిమిషం ఓపిక. మరో సంగతి కూడా ఉంది. పొడవును గుండు మధ్య దాకా కొలిచావా, గుండు పైఅంచు దాకానా? గుండు రెండు సెంటీమీటర్లదైతే ఆ పొరపాటు ఒక్కటే ఒక సెంటీమీటర్ తినేస్తుంది, జవాబు ఒక శాతం తగ్గిపోతుంది. నీ రిపోర్టు చదివి నేను దీన్ని తెలుసుకోగలనా? ఎక్కడి నుంచి ఎక్కడి దాకా కొలిచావో నువ్వు రాసి ఉంటే తెలుసుకోగలను. సార్ బాధ బహుశా అక్కడే ఉంది.

నా మొదటి ఉద్యోగంలో ఒక మోటార్ పరీక్షల గ్రాఫు గీసి ఇచ్చాను. మూడు నెలల తర్వాత మా పైఅధికారి దాన్ని తీసుకొచ్చి, 'ఈ వంపు ఇక్కడెందుకు తిరిగింది? ఆ రోజు లోడ్ ఎంత పెట్టావు?' అని అడిగారు. నా దగ్గర గ్రాఫు ఉంది కానీ దాని వెనక రీడింగ్స్ లేవు. కొన్ని విడి కాగితాల మీద రాశాను, అవి పోయాయి. కొన్ని నేరుగా కంప్యూటర్లో ఎక్కించి, తేడాగా కనిపించినవి తీసేశాను. ఏవి తీశానో గుర్తులేదు. ఆయన కోప్పడలేదు. 'మరి దీన్ని మనం వాడలేం' అని కాగితం టేబుల్ మీద పెట్టి వెళ్లిపోయారు. పరీక్షలన్నీ మళ్లీ చేయడానికి తొమ్మిది పనిదినాలు పట్టింది. ఆ వంపు అక్కడ నిజంగానే ఉంది. నా గ్రాఫు సరైనదే, కానీ అది సరైనదని నమ్మడానికి ఎవరికీ ఏ ఆధారమూ మిగల్చలేదు నేను.

అప్పటి నుంచి నేను పాటించేవి నీకూ చెబుతున్నాను. రీడింగ్ తీసిన క్షణంలోనే, పేజీలు కుట్టి ఉన్న పుస్తకంలో పెన్నుతో రాయాలి. తేదీ, టైం, ఏ పరికరం, ఏ యూనిట్, అన్నీ ఉండాలి. తప్పు రాస్తే ఒక్క గీతతో కొట్టేసి పక్కన సరైనది రాయాలి, కిందిది చదవడానికి వీలుగా ఉండాలి. ఎందుకంటే తప్పనుకున్నదే ఒక్కోసారి సరైనదని తర్వాత తేలుతుంది. నచ్చని రీడింగును తీసేయకూడదు. పక్కన పెట్టాలనుకుంటే ఎందుకు పక్కన పెట్టావో రాయాలి. 1947 సెప్టెంబర్ 9న హార్వర్డ్‌లో మార్క్ టూ కంప్యూటర్ నడిపేవాళ్లకు 70వ నంబరు రిలేలో (కరెంటుతో పనిచేసే స్విచ్‌లో) ఇరుక్కున్న చిమ్మట దొరికింది. వాళ్లు దాన్ని దులిపి పారేయలేదు. టేపుతో లాగ్‌బుక్‌లో అతికించి, ఏ ప్యానెల్, ఏ రిలే, ఎన్ని గంటలకు అన్నది పక్కన రాశారు. ఆ పేజీ ఇప్పుడు స్మిత్సోనియన్ మ్యూజియంలో ఉంది. కంప్యూటర్ తప్పును బగ్, అంటే పురుగు, అనడం గురించి ముచ్చటగా చెప్పుకునే కథగా ఇది అందరికీ తెలుసు. నాకు మాత్రం అందులో ఆ రాసుకున్న తీరే ముఖ్యం. పెద్దగా బడిచదువు లేకుండా బుక్ బైండింగ్ పనిలో చేరిన శాస్త్రవేత్త మైకేల్ ఫారడే తన ప్రయోగాల డైరీలో పేరాలకు వరసగా నంబర్లు వేసుకుంటూ పోయాడు. అవి 16,000 దాటాయి. పాత ప్రయోగంతో పని పడితే ఆ నంబరు రాసుకుంటే సరిపోయేది.

కోడ్‌కు కూడా ఇదే వర్తిస్తుంది. 'ఫైనల్', 'ఫైనల్ టూ', 'అసలు ఫైనల్' అనే ఫైళ్లు నీ కంప్యూటర్లో కూడా ఉండే ఉంటాయి. కోడ్‌లో చేసిన మార్పులన్నీ దాచిపెట్టే గిట్ అనే సాఫ్ట్‌వేర్ నేర్చుకో, మామూలు వాడకానికి రెండు సాయంత్రాలు చాలు. ఎప్పుడు ఏం మార్చావో, ఎందుకు మార్చావో ఒక్క లైన్ రాసే అలవాటు దానితోనే వస్తుంది.

ఇప్పుడు ప్రాజెక్టు. నిజం చెబుతున్నాను, ఉత్తరం మొత్తంలో నన్ను బాధపెట్టింది ఇదే. మార్కులు వచ్చే సెమిస్టర్‌లో తెచ్చుకోవచ్చు. నలుగురిలో ఒకరి మాట మీద నమ్మకం పోతే తిరిగి రావడానికి చాలా కాలం పడుతుంది.

నువ్వు ఆలస్యం చేయడం తప్పు అనను. మొదటిసారి ఒక పని చేసేవాళ్లకు ఎంత టైం పడుతుందో తెలియదు. నాకు ఇప్పటికీ అంచనాలు తప్పుతుంటాయి. 'అయిపోవచ్చింది' అన్నావే, ఆ మాటతో వచ్చింది చిక్కు. ఆ మాట విన్నవాళ్లు దాని మీద ఆధారపడి తమ పనులు సర్దుకున్నారు. మొదటి రోజే 'నాకు రావడం లేదు' అని ఉంటే, ముగ్గురిలో ఒకరు నీ పక్కన కూర్చునేవారు, లేదా పని పంచుకునేవారు. రెండు వారాలు దాచడం వల్ల వాళ్లకు ఆ అవకాశం లేకుండా పోయింది. వాళ్ల కోపం నీ కోడ్ మీద అయి ఉండదు.

పెద్ద పెద్ద చోట్ల కూడా పనులు చెడేది ఇలాగే. నాసా పంపిన మార్స్ క్లైమేట్ ఆర్బిటర్ అనే అంతరిక్ష నౌక 1999 సెప్టెంబర్ 23న అంగారకుడి దగ్గరకు చేరి, మళ్లీ మాట్లాడకుండా పోయింది. భూమి మీద ఒక సాఫ్ట్‌వేర్ థ్రస్టర్ల (నౌకను నెట్టే చిన్న ఇంజిన్ల) ప్రచోదనాన్ని పౌండ్-సెకండ్లలో ఇస్తే, దాన్ని తీసుకున్న సాఫ్ట్‌వేర్ న్యూటన్-సెకండ్లు అనుకుని లెక్క వేసింది. తేడా దాదాపు 4.45 రెట్లు. యూనిట్లు రాయకపోతే ఇలా అవుతుందని చెప్పడానికి అందరూ ఈ కథ వాడతారు. నేను నీకు చెప్పాలనుకున్నది దానిలో ఇంకో ముక్క. నౌక దారిలో ఉండగానే దాని దారి చూసుకునే కొందరికి లెక్కల్లో ఏదో తేడా ఉందని కనిపించింది. ఆ అనుమానం అక్కడక్కడా మాటల్లో తిరిగిందే గానీ, పద్ధతి ప్రకారం పైకి వెళ్లి తేలేదాకా రాలేదు. తేడా కనిపించినప్పుడు, పని ఆగిపోయినప్పుడు, ఆ సంగతి చూసుకోవాల్సినవాళ్లకు సూటిగా చెప్పడం కూడా మన పనిలో భాగమే.

ఇక నుంచి 'అయిపోవచ్చింది', 'దాదాపు అయింది', 'చేస్తున్నా' అనే మాటలు నీ నోట రాకూడదు. వాటి బదులు ఏది అయింది, ఏది కాలేదు, ఎక్కడ ఆగింది, ఎప్పటికి ఇవ్వగలను, ఈ నాలుగూ చెప్పు. మిగతా ముగ్గురికీ పంపాల్సిన మెసేజ్ ఇలా ఉండొచ్చు, నీ వివరాలు పెట్టుకో:

'సెన్సర్ నుంచి డేటా చదివే భాగం అయింది, టెస్ట్ చేశాను. ఫైల్‌లో రాసే భాగం సగం అయింది. గ్రాఫు భాగం మొదలే పెట్టలేదు. పది నిమిషాలు నడిచాక ప్రోగ్రాం ఆగిపోతోంది, కారణం దొరకలేదు, అక్కడే చిక్కుకుపోయాను. ఫైల్ భాగం గురువారం సాయంత్రానికి ఇస్తాను. గ్రాఫు భాగం ఎవరైనా తీసుకోగలరా? ఇన్నాళ్లూ అయిపోవచ్చింది అని చెప్పాను, అది నిజం కాదు. భయపడి అలా అన్నాను. సారీ.'

కారణాల చిట్టా కలపకు. ఒంట్లో బాగాలేదు, ల్యాప్‌టాప్ సతాయించింది అని మొదలుపెడితే చదివేవాళ్ల మనసు అటే పోతుంది. గురువారం అని రాసేముందు రెండుసార్లు ఆలోచించు. బుధవారానికే అయిపోతుందని అనిపిస్తే గురువారం అని చెప్పు, గురువారం మాత్రం దాటనివ్వకు. నమ్మకం ఆ మెసేజ్‌తో తిరిగిరాదు. గురువారం సాయంత్రం ఫైల్ వాళ్ల చేతికి వచ్చినప్పుడు కొంచెం వస్తుంది, ఆ తర్వాతి పని కూడా చెప్పిన రోజుకు ఇస్తే ఇంకొంచెం వస్తుంది.

సార్‌ను అడగడానికి ధైర్యం చాలలేదన్నావు. ఉత్త చేతులతో వెళ్లి 'ఎందుకు తిప్పి పంపారు సార్?' అంటే నీకూ ఇబ్బందే, ఆయనకూ ఇబ్బందే. పైన వేసిన లెక్క నీ అంతట నువ్వు ఒకసారి వేసి, కాగితం పట్టుకుని వెళ్లు. 'సార్, టైంలో తప్పు అర శాతం వరకు ఉంటుందని లెక్క వేశాను. అందుకే 9.8, అటూ ఇటూ 0.1 అని మార్చాను. పొడవు కొలతలో ఇంకేమైనా వదిలేశానా?' అని అడుగు. ఏం ప్రయత్నించావో చూపించి అడిగిన ప్రశ్నకు జవాబు చెప్పడం ఎవరికైనా సంతోషమే. ఇరవై ఏళ్లుగా జూనియర్లు నా దగ్గరకు వస్తున్నారు. ఎక్కడిదాకా వచ్చారో చెప్పి అడిగినవాళ్లను ఒక్కసారి కూడా విసుక్కోలేదు. ఆయనకు మెయిల్ రాసి వెళ్లాలనుకుంటే సబ్జెక్ట్ లైన్‌లో నీ పేరు, సెక్షన్, ఏ ప్రయోగమో రాయి. లోపల నాలుగు లైన్లు చాలు.

గంటల సంగతి ఒక్క మాటలో తేలుస్తాను. ఆరేడు గంటలు నువ్వు కూర్చోగలవని ఇప్పటికే తెలిసింది, ఇక గంటలు లెక్కపెట్టకు. పుస్తకం మూసి ఎన్ని ప్రాబ్లమ్స్ మొదటి నుంచి చివరిదాకా చేశావో రాసుకో. ఇలా చదివితే మూడు నాలుగు గంటలకే తల బరువెక్కుతుంది, అప్పుడు లే. మిగిలిన టైం నిద్రకు ఇవ్వు. నేర్చుకున్నది నిలవడానికి నిద్ర కావాలి. నీ టెన్షన్‌లో సగం ఆ ముగ్గురి ముందు దాచిపెట్టిన సంగతి వల్లే వస్తోందని నా అనుమానం. అది చెప్పేశాక కూడా రెండు మూడు వారాలు నిద్ర పట్టకపోతే మాత్రం ఆలస్యం చేయకుండా డాక్టర్‌ను కలువు, ఇంట్లోవాళ్లకు చెప్పు.

ఈ చదువు నీకు సరిపడదేమో అని అడిగావు. నీ ఉత్తరంలో అలా అనడానికి నాకు ఒక్క ఆధారమూ దొరకలేదు. నిన్ను నువ్వు పరీక్షించుకుంటూ చదవడం నువ్వు ఇంకా మొదలే పెట్టలేదు. అది పెట్టకుండా సరిపడుతుందో లేదో నువ్వూ చెప్పలేవు, నేనూ చెప్పలేను. స్కూల్లో మళ్లీ మళ్లీ చదివితే సరిపోయింది, ఎందుకంటే అక్కడ చదివిన ప్రశ్నలే వచ్చేవి. ఆ పద్ధతి ఇక్కడికి చాలదు, అంతే. ఒక సెమిస్టర్ పాటు తెల్ల కాగితం, తప్పుల పుస్తకం, చీటీల ప్రాబ్లమ్స్ పెట్టి చూడు. ఆ తర్వాత కూడా ఇదే ప్రశ్న ఉంటే మళ్లీ రాయి. అప్పుడు మనిద్దరం ఆ తప్పుల పుస్తకం ముందు పెట్టుకుని మాట్లాడుకోవచ్చు.

మెసేజ్ మాత్రం రేపటికి వాయిదా వేయకు. ఈ జవాబు చదివిన రోజే, పడుకునే ముందే ఆ ముగ్గురికీ పంపెయ్.